ఉప్పు మడుల నుండి గుండ్లకమ్మ వరకు



మన ఇండ్లలో ఉప్పు లేకుండా ఒక్క పూట గడవదు. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అంటుందట ఉప్పు. పౌరుషం చచ్చినవాణ్ణి "నువ్వు ఉప్పూ కారం తినడం లేదా?" అని అడుగుతాము. మేలు మరువనివాడికి ఉప్పు తిన్న విశ్వాసం ఉందంటాము. ఇంతగా మన నోటికీ మాటకూ దగ్గరైన వస్తువును తీసుకుని ప్రభువు తన శిష్యులు లోకంలో ఎలా ఉండాలో చెప్పాడు (మత్తయి 5:13). ఆ వాక్యము మీద మనము ఎన్నో ప్రసంగాలు విన్నాము. అయితే ఉప్పు ఎలా పుడుతుందో, ఎలా పాడవుతుందో కన్నులారా చూసినవారు మా మెట్ట ప్రాంతపు సంఘాలలో బహు తక్కువ. అందుచేత గడచిన వేసవిలో సంఘ పెద్దలు, స్త్రీల సమాజపు సహోదరీలు, యౌవనస్థులు కలిసి పద్నాలుగు మందిమి చినగంజాం ఉప్పు మడులు చూడబోయాము. అక్కడ చూసినదీ, తిరుగు దారిలో గుండ్లకమ్మ ఒడ్డున జ్ఞాపకం చేసుకున్నదీ ఈ నెల మీతో పంచుకుంటున్నాము.

చినగంజాం దారిలో

ఒంగోలులో ఉదయం పాసింజరు రైలెక్కి ఉత్తరంగా వెళితే గుండ్లకమ్మ వంతెన వస్తుంది. ఆ తరువాత ఉప్పుగుండూరు, దానిని దాటితే చినగంజాం. స్టేషను బోర్డు మీద ఉప్పుగుండూరు అన్న పేరు చదివి మా యౌవనస్థులు, "అయ్యగారూ, ఊరి పేరులోనే ఉప్పు వచ్చేసింది, ఇక దిగిపోదామా?" అని నవ్వారు. చినగంజాం చాలా కాలం ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది.

స్టేషను నుండి సముద్రం వైపు కొంత దూరం వెళ్ళేసరికి పొలాలు ఆగిపోయాయి. చెట్టు లేదు, నీడ లేదు. కంటికి ఆనినంత మేర పలకల్లా పరచిన మడులు, వాటి గట్ల మీద తెల్లని కుప్పలు. కొన్ని కుప్పలకు తాటాకులు కప్పి ఉన్నాయి. ఎండ ఇంకా ముదరలేదు గాని ఆ తెలుపు మీద పడి తిరిగి వచ్చే వెలుగుకు మా కళ్ళు చెదిరిపోయాయి. చుట్టూ నీళ్ళే, కాని తాగడానికి పనికివచ్చే చుక్క లేదు. మేము తీసుకువెళ్ళిన నీళ్ళ క్యాన్లు చూసి అక్కడి పనివారు "మంచి పని చేశారండి" అన్నారు.

ఉప్పు పుట్టే విధము

ఒక పెద్దాయన మమ్మల్ని గట్ల వెంట తిప్పుతూ అంతా వివరంగా చెప్పాడు. ఆయన బడికి వెళ్ళినవాడు కాదు. అయినా ఆయన చెప్పిన ప్రతి మాటా పుస్తకాలలో ఉన్నదే.

లీటరు సముద్రపు నీటిలో లవణాలన్నీ కలిసి సుమారు 35 గ్రాములు ఉంటాయి. వాటిలో మనము కూరలో వేసుకునే ఉప్పు 27 గ్రాముల వరకు. ఆ ఉప్పును నీటి నుండి వేరు చేసేది ఎండా గాలీ తప్ప వేరే యంత్రం కాదు. ముందు ఉప్పునీటిని పెద్ద మడిలో నిలుపుతారు. మట్టి కింద పేరుకుని, నీరు కాస్త చిక్కబడ్డాక పక్క మడిలోకి వదులుతారు. అక్కడ ఇంకా చిక్కబడ్డాక మరో మడిలోకి. అలా మడి తరువాత మడి దాటి చివరకు చిన్న మడుల్లోకి వస్తుంది. ఆ చిన్న మడుల అడుగును ముందే కాళ్ళతో తొక్కి తొక్కి చట్టులా గట్టి చేస్తారు. అడుగు మెత్తగా ఉంటే ఉప్పులో బురద కలుస్తుంది.

నీటి చిక్కదనం కొలవడానికి ఒక గాజు గొట్టం ఉంటుంది. దాని లెక్కలో మామూలు సముద్రపు నీరు 3 డిగ్రీలు. 25 డిగ్రీలకు చేరితే గాని ఉప్పు కట్టదు. అంటే సుమారు పది కుండల నీరు ఆవిరై ఒక్క కుండకు దిగాకే మొదటి ఉప్పు రవ్వ కనబడుతుంది. తొమ్మిది కుండలు పోవాలి. ఆ మాట విని మా సంఘ పెద్ద ఒకరు "మనలోనూ ఎంతో ఆవిరి కావాలి పాస్టరుగారూ" అన్నారు. మేమందరమూ కాసేపు మాట్లాడలేదు.

పెద్దాయన ఇంకొక సంగతి చెప్పాడు. ఉప్పు కట్టింది కదా అని మడిలో నీరు పూర్తిగా ఇగిరిపోయే దాకా ఉంచకూడదు. 30 డిగ్రీలకు దగ్గరపడేసరికి మిగిలిన నీటిని బయటికి వదిలేయాలి. అది చేదునీరు. అందులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి. దానిని ఉంచుకుంటే ఉప్పుకు చేదెక్కుతుంది, కుప్ప ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. సమస్తమైన చేదును విసర్జించాలని అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘానికి ఎందుకు వ్రాశాడో (ఎఫెసీయులకు 4:31) ఉప్పు పండించేవాడికి ఒకరు విప్పి చెప్పనక్కరలేదు. పాత పగలు, పాత మాటలు మనస్సులో నిలవ ఉంచుకున్న విశ్వాసి కూడా ఉప్పే. కాని ఆ ఉప్పు నోట పెట్టుకోలేము.

తెలుపు ఉంది, ఉప్పదనం లేదు

మా యౌవనస్థులలో డిగ్రీ చదువుతున్న అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. "ఉప్పు ఉప్పదనం పోగొట్టుకోవడం ఎలా కుదురుతుంది? ఉప్పు ఎన్నేళ్ళున్నా ఉప్పే కదా?" ఈ ప్రశ్న మీలో కూడా చాలామందికి వచ్చి ఉంటుంది.

పెద్దాయన నవ్వి, నడి మడి అడుగున కట్టిన తెల్లని పెచ్చు ఒకటి ఊడదీసి అతని చేతిలో పెట్టాడు. "నోట్లో వేసుకో బాబూ" అన్నాడు. అబ్బాయి నాలుకకు తగిలించి మొహం చిట్లించాడు. రుచే లేదు. అది జిప్సం. నీరు చిక్కబడేటప్పుడు ఉప్పు కంటే ముందే అడుగున కడుతుంది. అదీ సముద్రంలో నుండే వచ్చింది. అదే ఎండకు ఎండింది. చూపుకు ఉప్పులాగే తెల్లగా మెరుస్తుంది. "తెల్లగా ఉన్నదల్లా ఉప్పు కాదండి. కూరలో వేస్తే తెలుస్తుంది" అన్నాడు పెద్దాయన.

ప్రభువు కాలంలో యూదయ దేశపువారికి మృతసముద్రపు ఒడ్డున దొరికిన ఉప్పు ఇలాంటి వాటితో కలిసి ఉండేదని బైబిలు వ్యాఖ్యాతలు వివరిస్తారు. వానకో చెమ్మకో తడిస్తే అందులోని అసలు ఉప్పు ముందు కరిగి జారిపోతుంది. జిప్సం, మట్టి మిగిలిపోతాయి. ముద్ద పరిమాణం పెద్దగా తగ్గదు, రంగు మారదు. గృహిణి దాన్ని ఉప్పనుకునే వండుతుంది, తినేవాడికి తెలుస్తుంది. ప్రభువు చెప్పిన నిస్సారమైన ఉప్పు అదే. దాన్ని చూసి జనులు తొక్కి నడుస్తారనడంలో ఆశ్చర్యమేమీ లేదు.

లూకా సువార్త 14వ అధ్యాయము తెరచి చూడండి. అక్కడ ప్రభువు ఈ ఉప్పు మాట ఏ సందర్భంలో చెప్పాడు? గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని చెప్పిన తరువాత, సిలువ ఎత్తుకోనివాడు తన శిష్యుడు కాలేడని చెప్పిన తరువాత. గొప్ప జనసమూహము వెంట వస్తూ ఉండగా ఆయన వెనుదిరిగి ఈ మాటలు పలికాడు. వెంట వచ్చేవారందరూ శిష్యులు కారు. ఆ తేడా చెప్పడానికే ఆయన ఉప్పును చూపించాడు.

గంప మోసే తల్లి మాట

అక్కడ గంపలతో ఉప్పు మోస్తున్న ఒక తల్లి దగ్గర మా స్త్రీల సమాజపు సహోదరీలు ఆగారు. ఆమె అరికాళ్ళు పగిలి, పగుళ్ళలో ఉప్పు దిగి తెల్లగా ఉన్నాయి. సమీపంలోని చిన్న సంఘములో ఆమె సభ్యురాలని తెలిసి మాకు ఎంతో సంతోషమైంది. "రోజూ ఉప్పులోనే ఉంటారు కదమ్మా, మీరు ఉప్పును గురించి ఏమంటారు?" అని అడిగాము.

"మడిలో ఉన్నంతసేపూ అది మా కాళ్ళను తింటుందయ్యా. కుప్పలో ఉన్నంతసేపూ వాన భయం. ఒక్క రాత్రి పెద్ద వాన పడితే చేసిన కష్టమంతా నీళ్ళే. ఇంటికి పోయి కుండలో పడ్డాకే అది అన్నంలోకి పనికొచ్చేది" అన్నది ఆమె.

ఆదివారము సంగతి అడిగాము. ఉప్పు తీసే రోజుల్లో ఆదివారము పని మానితే ఆ రోజు కూలి పోతుంది. "మొదట్లో మేస్త్రీ కోప్పడ్డాడు. వేరేవాళ్ళను పెట్టుకుంటానన్నాడు. మేము నలుగురం శనివారం పొద్దుపోయే దాకా ఉండి మా వంతు గంపలు లెక్క ఒప్పజెప్పి పోతాం. తక్కువ మోసి ఎక్కువ చెప్పం. రెండేళ్ళు చూశాడు. ఇప్పుడు పని ఉంటే ముందు మాకే కబురు పెడతాడు" అన్నది. మేము ప్రార్థన చేస్తామంటే గంప దించి, తల మీది చుట్టగుడ్డ తీసి చేతపట్టుకుని నిలుచున్నది. ఆ ప్రార్థనలో మేము ఆమె కోసం అడిగినదాని కంటే మా కోసం అడిగినదే ఎక్కువ.

కరువునాటి కాలువ

మడుల దగ్గర నుండి మేము పెదగంజాం వైపు వెళ్ళాము. కృష్ణ నీటితో వచ్చే కొమ్మమూరు కాలువ అక్కడే బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. సముద్రతీరం వెంట దక్షిణంగా మద్రాసు దాటి పోయే ఈ కాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. ఒకప్పుడు ఈ దారిలో బియ్యం, కట్టెలు, ఉప్పు పడవలలో మద్రాసుకు వెళ్ళేవి. ఆ పడవల కాలం ఏనాడో గడిచిపోయింది. ఉప్పు లేనిదే ఎవరికీ గడవదు గనుకనే తెల్లదొరల ప్రభుత్వం దాని మీద పన్ను వేసింది. 1930లో గాంధీగారు దండిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించినప్పుడు ఒంగోలు దగ్గర దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం పంతులుగారు శిబిరం నడిపించారు.

అయితే ఆ కాలువ గట్టు మీద మేము కూర్చుని జ్ఞాపకం చేసుకున్నది అంతకు యాభై ఏళ్ళ ముందటి సంగతి. ఉప్పు మడులలో మేము నేర్చుకున్న పాఠమే మన పితరుల జీవితాలలో అక్కడ కనబడింది.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. లక్షల మంది చనిపోయారు. కరువు పనిగా ప్రభుత్వం ఈ కాలువలో కొంత భాగాన్ని తవ్వించింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే దీనికి పెట్టారు. ఆ రోజుల్లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఉండేవారు. 1866లో ఒంగోలు చేరిన ఆయన యౌవనంలో సర్వే పని నేర్చినవారు. ఆయన ఈ కాలువలో మూడున్నర మైళ్ళ భాగం కంట్రాక్టు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్న వేలమందికి పని, కూలి దొరికేలా చేశారు. తెలుగు బోధకులు పనివారి మధ్యనే ఉండి మేస్త్రీలుగా పని చేయించారు. విరామ సమయంలో, భారము మోసి అలసినవారిని రమ్మన్న ప్రభువు పిలుపును వారికి వినిపించారు.

ఎంతోమంది బాప్తిస్మము అడిగారు. క్లౌ దొరగారు ఇవ్వలేదు. కరువు సహాయము సాగుతున్నంత కాలం, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మములు నిలిపివేశారు. కూలి కోసము, గంజి కోసము వచ్చారన్న మాట రాకూడదని, అడిగేవారి హృదయము వారికే తేటపడాలని ఆయన ఆగారు. ఇది మామూలు సంగతి కాదు. లెక్కలు పెరగాలని ఆశపడే మన కాలపు సేవకులము ఈ ఒక్క విషయము మోకాళ్ళ మీద ధ్యానించాలి.

గుండ్లకమ్మ ఒడ్డున

మరునాడు ఉదయము మేము ఒంగోలుకు ఉత్తరాన ఉన్న వెల్లంపల్లికి వెళ్ళాము. గుండ్లకమ్మ వేసవిలో సన్నగా పారుతున్నది. మా పిల్లలు చెప్పులు విడిచి నీళ్ళలో దిగారు.

1878 జూన్ నాటికి కరువు సహాయము ఆగిపోయింది. ఇక డబ్బు లేదు, పని లేదు అని దొరగారు జనానికి స్పష్టంగా చెప్పారు. అయినా వారు వెళ్ళలేదు. మాకు సహాయము వద్దు, కష్టపడి బ్రతికామనడానికి మా చేతులకు కాచిన కాయలే సాక్ష్యము, మమ్మల్ని ప్రభువు బిడ్డలుగా చేర్చుకోండి అన్న భావముతో వారు బ్రతిమాలుకున్నారు. అప్పుడు ఒక్కొక్కరిని విచారించి, తెలుసుకుని, 1878 జూలై 3న ఈ గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చారు. నీటిలో దిగి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు సేవకులు. ఒకేసారి ఇద్దరు చొప్పున, అలసినప్పుడు మరో ఇద్దరు వచ్చేలా వంతులు వేసుకున్నారు. ఆ సంవత్సరము ముగిసేలోగా బాప్తిస్మము పొందినవారు తొమ్మిది వేలకు పైబడ్డారు.

వారిలో అత్యధికులు తోలు పని చేసే మాదిగ కుటుంబాలవారు. ఊరికి వెలుపల ఉంచబడినవారు. పచ్చి తోలు కుళ్ళకుండా ఉప్పు ఎలా ఆపుతుందో చేతులతో ఎరిగినవారు. 1866లోనే బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్యగారు ఆ పని, ఆ వ్యాపారము చేసినవారే. ఆయన ఊరూరా నడిచి సువార్త చెప్పి ఎన్నో సంఘాలకు పునాది వేశారు. ఆ తొలి విశ్వాసులకు మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కాని పండుగకు డప్పు కొట్టము, ఆదివారము పనికి రాము అన్నందుకు ఊరి పెద్దలు పని మాన్పించారు, నీళ్ళు బంద్ చేశారు, కొట్టారు. సహాయము ఆగిపోయాక వచ్చినవారు గనుక, పోగొట్టుకోవడము మొదలైనప్పుడూ నిలబడగలిగారు.

"మీ తాతలు గంజి కోసం కలిశారు" అని మనలను ఎవరైనా ఎత్తిపొడిచినప్పుడు కోపము తెచ్చుకోనక్కరలేదు. గుండ్లకమ్మ ఒడ్డుకు తీసుకువెళ్ళి ఈ పదిహేను నెలల సంగతి నెమ్మదిగా చెప్పండి. అంతకంటే ముఖ్యముగా, మనము ఎందుకోసము నిలిచి ఉన్నామో మన బ్రతుకుతో చెప్పాలి. తాతల ఉప్పదనము మనుమలకు సరిపోదు. ఏ తరము ఉప్పు ఆ తరములోనే కట్టాలి.

చిటికెడు చాలు

ఇంటికి మళ్ళే ముందు ఒంగోలులోని ప్రార్థన కొండ ఎక్కాము. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి అక్కడ ఒంగోలు ప్రాంతము కోసము ప్రార్థించారు. ఐదుగురే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము స్థాపించినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. కుండెడు పప్పుకు గుప్పెడు ఉప్పు అక్కరలేదు కదా. మా సంఘము చిన్నది, మేము ఏమి చేయగలము అని నిరాశపడే పల్లె సంఘాలు ఈ లెక్క మరువకూడదు.

ప్రియులారా, ఉప్పు కుప్పలో మెరిసినంత కాలము దాని వలన ఎవరికీ ఉపయోగము లేదు. ఆదివారము మన గుడులలో మనమందరము తెల్లని బట్టలలో కుప్పగా కూడుతాము. సోమవారము కుండలో పడాలి. పత్తి తూకములో, పాల కొలతలో, కూలి లెక్కలో మన మాట ఉప్పుగా ఉన్నదా? కొడుకు పెళ్ళికి కట్నము లెక్క మాట్లాడేటప్పుడు ప్రభువు ఆ గదిలో ఉన్నాడని జ్ఞాపకముందా? సంఘపు స్థలము కోసము సహోదరుని మీద కోర్టుకు వెళ్ళే ముందు మనలోని చేదునీరు బయటికి వదిలామా? పక్క వీధి విశ్వాసిని కులము పేర వేరుగా కూర్చోబెట్టే గుడిలో ఉప్పదనము ఇంకా మిగిలి ఉన్నదా? కుండలో పడిన ఉప్పు ఇక కనబడదు, ఎవరూ దాని పేరు చెప్పరు. కూర బాగుంది అంటారే గాని ఉప్పు బాగుంది అనరు. అది చాలుననుకున్నవాడే శిష్యుడు.

ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనలో ఇంట్లో ప్రతి ఒక్కరి అరచేతిలో రెండు కల్లుప్పు రవ్వలు పెట్టండి. మత్తయి 5:13, లూకా 14:25-35 చదవండి. రవ్వలు నోట కరుగుచుండగా, ఈ వారము నేను ఎవరి కుండలో ఉప్పుగా పడాలి అని ఒక్కొక్కరు ప్రభువును అడగండి. పసిపిల్లలు కూడా చక్కని జవాబులు చెబుతారు.

మనలను పిలిచిన ప్రభువు మన సారము చెడకుండా కాపాడి, మన ఇండ్లను, మన సంఘాలను తన మహిమ కోసము వాడుకొనును గాక. ఆమేన్.